ఏ వ్యాయామానికి ఏది జోడీ?

ఉదయంపూట బళ్లు ఆపేసిన బీచ్ రోడ్డు మీద ఓ అరగంట నిలబడితే విశాఖలో వ్యాయామం మూడు వర్గాలుగా విడిపోయి కనిపిస్తుంది. చేతులూపుకుంటూ గబగబా నడిచేవాళ్లు ఒక వర్గం. చాపలు పరుచుకుని సూర్య నమస్కారాలు చేసేవాళ్లు ఇంకో వర్గం. ఎంవీపీ కాలనీలోనో గాజువాకలోనో జిమ్ముకెళ్లి, అక్కణ్నుంచి నేరుగా టిఫిన్ బండి దగ్గర తేలే కుర్రాళ్లు మూడో వర్గం. అందరూ శ్రద్ధగానే చేస్తారు, అందరికీ ఎక్కడో ఒక చోట వెలితి. రోజూ ఐదు కిలోమీటర్లు నడిచే పెద్దాయన బియ్యం బస్తా పక్కకి జరపబోతే నడుం పట్టేస్తుంది. అరచేతులు నేలకానించగల అమ్మాయి పార్కులో కడ్డీ పట్టుకుని పది సెకన్లు వేలాడలేదు. బెంచీ మీద పడుకుని ఎనభై కిలోలు నెట్టే కుర్రాణ్ని గొంతుక్కూర్చోమంటే మడమలు లేచిపోయి వెనక్కి పడతాడు.

కొత్తగా మొదలుపెట్టే మనిషి వీళ్లందర్నీ సలహా అడుగుతాడు, ఫోన్లో మరో పది వీడియోలు చూస్తాడు. చేతికి ముప్పై నలభై వ్యాయామాల చిట్టా వస్తుంది. వాటిలో చెడ్డవి దాదాపు ఉండవు. చిక్కంతా వరసలో ఉంటుంది: దేని పక్కన దేన్ని పెట్టాలి, దేని ముందు దేన్ని చెయ్యకూడదు, ఏది చేస్తే ఇంకోటి అక్కర్లేదు. ఈ లెక్క తెలియక అన్నీ నెత్తిన పెట్టుకుని, రెండు వారాలకి నడుం నొప్పితో మానేసినవాళ్లు ప్రతి అపార్ట్‌మెంట్లోనూ ఉంటారు.

ముందు మొబిలిటీ సంగతి. వెల్లకిలా పడుకోండి, ఇంకొకరు మీ కాలు నిటారుగా పట్టుకుని పైకెత్తితే ఎంత ఎత్తు లేస్తుందో చూడండి. తర్వాత ఎవరి సాయం లేకుండా మీరే కాలెత్తండి. రెండింటికీ మధ్య తేడా ఉంటుంది, కొందరికి జానెడు, కొందరికి మూరెడు. మొదటిది సాగే గుణం. రెండోది మీ సొంత కండరంతో చేరగలిగినంత దూరం, దాన్నే మొబిలిటీ అంటున్నాం. మధ్యలో మిగిలిన ఖాళీలో కీలు తెరుచుకుంటుంది గానీ దాన్ని పట్టి ఉంచే బలం లేదు. గాయాలు అక్కడ కావచ్చు.

ఒకసారి సాగదీసినప్పుడు దొరికే వెసులుబాటు చాలా వరకు కొద్ది నిమిషాల్లోనే వెనక్కి పోతుంది. అప్పుడే దాన్ని వాడుకుంటే, అంటే తెరుచుకున్న ఆ కోణంలోనే కండరంతో పని చేయిస్తే, వారాల మీద అది నిలుస్తుంది. కీలును పూర్తిగా వంచి, పూర్తిగా చాపి చేసే బలం వ్యాయామం విడిగా స్ట్రెచింగ్ చేసినంత బాగానే సాగే గుణాన్ని పెంచుతుందని పరిశోధనల సమీక్షలు చెబుతున్నాయి. కాబట్టి సోమవారం మొబిలిటీ, మంగళవారం బలం అని రెండు ఖాతాలు తెరవక్కర్లేదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నదంతా ఇంతే: ఏ కీలును తెరుస్తారో, వెంటనే ఆ కీలుతోనే బరువు పని చేయించండి. జోడీలన్నీ ఇందులోంచే పుడతాయి.

దీనికి తోడు ఒక జాగ్రత్త. జోడీలో రెండోది మొదటిదాని కండరాన్నే అలసగొట్టకూడదు.

గుంజీ దగ్గర మొదలుపెడదాం

మా వీధిలో రిటైరైన మాస్టారొకాయన ఉన్నారు. "మోకాళ్లు అరిగిపోయాయి బాబూ, కిందకి కూర్చోలేను" అన్నారోసారి. గోడ దగ్గర నిలబెట్టి ఒక పరీక్ష చేశాం. పాదం గోడకి ఎదురుగా పెట్టి, మడమ నేలకి ఆనించి ఉంచి, మోకాలిని ముందుకు వంచి గోడకి తాకించాలి. తాకితే పాదాన్ని కాస్త వెనక్కి జరిపి మళ్లీ. బొటనవేలికీ గోడకీ మధ్య బెత్తెడు కంటే కాస్త ఎక్కువ, సుమారు 10 సెంటీమీటర్లు ఎడం ఉన్నా మోకాలు తాకిందంటే చీలమండ బాగానే వంగుతున్నట్టు. మాస్టారికి రెండు వేళ్ల ఎడంలోనే మడమ లేచిపోయింది.

తర్వాత ఆయన మడమల కింద అంగుళం మందం చెక్క పెట్టి, కిటికీ గ్రిల్లు పట్టుకుని కూర్చోమన్నాను. అంతకుముందు కుర్చీ ఎత్తు దగ్గరే ఆగిపోయిన మనిషి చిన్న పీట ఎత్తు దాకా దిగారు.

"ఇదేటి, మోకాలు కాదా ఐతే?"

"మోకాళ్లూ ఉన్నాయి మాస్టారూ, కాకపోతే దోషం మొత్తం వాటిదే కాదు."

చీలమండ వంగకపోతే పిక్క ఎముక నిటారుగా ఉండిపోతుంది. అప్పుడు పిరుదులు కిందకి దిగాలంటే బరువు వెనక్కి పోతుంది, మనిషి పడిపోతాడు. పడకుండా ఉండటానికి శరీరానికి రెండే దార్లు: మడమలు లేపడం, లేదా నడుం ముందుకి బాగా వంచేయడం. మొదటిదాంట్లో పట్టు తప్పుతుంది, రెండోదాంట్లో బరువంతా నడుం మీద పడుతుంది. గుంజీలు తీస్తే నడుం నొప్పొస్తోందని చాలామంది అనడానికి ఇదొక ముఖ్య కారణం. మన ఇళ్లలో వెస్ట్రన్ కమోడ్, డైనింగ్ టేబుల్, నిలబడి వంట చేసే గట్టు వచ్చాక గొంతుక్కూర్చునే అవసరమే పోయింది. వాడని కోణాన్ని శరీరం వదిలేసుకుంటుంది.

చెక్క పెట్టుకోవడం దొంగాట అని కొందరు అనుకుంటారు. వెయిట్‌లిఫ్టర్ల బూట్లు చూడండి, మడమ ఎత్తుగానే ఉంటుంది. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరం సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. స్నాచ్ అంటే బరువుని నేల మీంచి ఒకే ఊపులో తల పైకి ఎత్తి పట్టుకుని, దాదాపు నేల దాకా కూర్చుని లేవడం. చీలమండ, తుంటి, వీపు, భుజం అన్నీ తెరుచుకునీ ఉండాలి, అదే క్షణంలో బలంగానూ ఉండాలి. తెరుచుకోవడాన్నీ బలాన్నీ విడివిడిగా సాధించిన మనిషి ఆ ఎత్తు ఎత్తలేడు.

కాబట్టి గుంజీకి జోడీ చీలమండ. గోడ దగ్గర పరీక్షగా చేసిన ఆ కదలికనే ఒక్కో కాలికి ఎనిమిది పదిసార్లు నెమ్మదిగా చేసి, వెంటనే కుర్చీ మీదకి కూర్చుని లేవడం ఎనిమిదిసార్లు. కూర్చునేటప్పుడు ధబ్బున పడకుండా మూడు అంకెలు లెక్కపెట్టుకుంటూ దిగాలి. మళ్లీ చీలమండ, మళ్లీ గుంజీ. పిక్క సాగుతున్నంతసేపూ తొడలకి విశ్రాంతి దొరుకుతుంది, ఆ కాస్త సమయమూ వృథా పోదు. కుర్చీ తేలికైపోయాక పీట, పీట తేలికైపోయాక చేతిలో ఐదు కిలోల సంచి. లోతు ముందు, బరువు తర్వాత. వారాలు గడిచేకొద్దీ మడమ కింది చెక్క పల్చబడాలి. కొందరి ఎముకల అమరికే వేరు, వాళ్లకి చెక్క ఎప్పటికీ ఉండిపోవచ్చు, దానికి బెంగపడక్కర్లేదు.

మోకాళ్ల అరుగుదల ఉన్నవాళ్లు అసలు చెయ్యొచ్చా అంటే, చెయ్యాలి. ఆస్టియో ఆర్థరైటిస్‌కి వ్యాయామమే మొదటి వరస చికిత్సల్లో ఒకటని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతాయి. నొప్పి తక్కువగా ఉన్న ఎత్తు దగ్గర మొదలుపెట్టడమే కిటుకు. చేసేటప్పుడు కాస్త నొప్పి ఉన్నా, మర్నాటికి తగ్గిపోతే కొనసాగించండి. మర్నాడు వాపు వచ్చినా, నొప్పి ముందటికంటే పెరిగినా కూర్చునే ఎత్తు పెంచండి, సంఖ్య తగ్గించండి.

నెట్టడం బోలెడు, లాగడం సున్నా

2025 జూన్ 21న యోగా దినోత్సవానికి ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా దాదాపు 3 లక్షల మంది కూర్చున్నారు. ఆ ఊపులో సూర్య నమస్కారాలు మొదలుపెట్టినవాళ్లు మా చుట్టుపక్కల చాలామంది. మంచి ఎంపికే. పన్నెండు భంగిమల్లో ముందుకు వంగడం ఉంది, వెనక్కి వంగడం ఉంది, కాలు వెనక్కి చాపడం ఉంది, చేతుల మీద బరువు నిలపడం ఉంది. లేనిదల్లా ఏదైనా పట్టుకుని తన వైపుకి లాక్కోవడం. మెలి తిరగడం కూడా లేదు. మన తాలింఖానాల దండీలు, బస్కీల జంట కూడా అంతే: దండీ నెట్టడం, బస్కీ కూర్చుని లేవడం. శ్రీకాకుళంలో స్టేడియానికి పేరున్న మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడి కాలం తాలింఖానాల్లో ఆ లోటు కనిపించేది కాదు, ఎందుకంటే కుస్తీలో ఎదుటివాణ్ని లాగడమే సగం పని. గోదా పోయి దండీలు, బస్కీలే మిగిలాయి. కుస్తీ లేని ఇంట్లో లాగడాన్ని మనమే వెతికి పెట్టుకోవాలి.

నెట్టడం సులువు కనక దాన్ని ముందు తేల్చేద్దాం. నేల మీద పూర్తి పుషప్‌లో చేతుల మీద పడేది ఒంటి బరువులో సుమారు 64 శాతం. మోకాళ్లు ఆనిస్తే 49. చేతులు 60 సెంటీమీటర్ల ఎత్తు మీద, అంటే పార్కు బెంచీకి కాస్త పైన పెడితే 41. డెబ్భై కిలోల మనిషికి నేల మీద దాదాపు 45 కిలోలు, ఆ ఎత్తు మీద 29 కిలోలు. మొదటి రోజే నేల మీద పడుకుని పాములా మెలికలు తిరిగే బదులు గోడ దగ్గర మొదలుపెట్టి, డాబా మీద పిట్టగోడ, తర్వాత బెంచీ, చివరికి నేల. ఒక్కో మెట్టు మీద పన్నెండుసార్లు శుభ్రంగా వచ్చాకే కిందకి దిగండి. పిట్టగోడ గట్టిగా ఉందో లేదో ముందే ఊపి చూడండి, సముద్రం గాలికి ఇనుము తుప్పు పట్టి పెచ్చులూడిన గోడలు మన ఊళ్లో తక్కువేం లేవు.

పుషప్‌కి జోడీ పై వీపు తిప్పడం. పక్కకి తిరిగి పడుకుని, మోకాళ్లు ముడిచి ఒకదాని మీద ఒకటి పెట్టి, పై చెయ్యిని పుస్తకం తెరిచినట్టు వెనక్కి తెరవాలి, చూపు చేతితో పాటు పోవాలి. ఒక్కో వైపు ఆరుసార్లు. రుషికొండ, మధురవాడ ఆఫీసుల్లో రోజంతా లాప్‌టాప్ ముందు వంగిపోయేవాళ్లకి ఈ ఒక్క కదలికతోనే ఎక్కడో టక్కుమని వదిలిన సుఖం ఉంటుంది. పై వీపు తిరిగితే రెక్కలు, అంటే భుజాల వెనక పలక ఎముకలు, పక్కటెముకల మీద జారడానికి చోటు దొరుకుతుంది, భుజం మీద ఒత్తిడి తగ్గుతుంది.

ఇక్కడొక పక్కదారి. పార్కుల్లో పెట్టిన ఓపెన్ జిమ్‌లలో గుండ్రటి పలక మీద నిలబడి నడుం గిరగిరా తిప్పే పరికరం ఉంటుంది కదా, దాని దగ్గరే క్యూ ఎక్కువ. పొట్ట కరుగుతుందని నమ్మకం. ఒక చోట కొవ్వుని అక్కడి కదలికతో కరిగించడం కుదరదన్నది ఒక సంగతి. దానికంటే ముఖ్యం, నడుం దగ్గరి వెన్నుపూసలన్నీ కలిసినా ఒక్కో వైపుకి పది పదిహేను డిగ్రీలకి మించి తిరగవు. తిరగడానికి తయారైనవి పై వీపు, తుంటి. నడుం నొప్పి ఉన్నవాళ్లు ఆ పలక మీద విసురుగా తిప్పుతుంటే చూడలేం.

ఇక లాగడం. ఇంట్లో ఇదే కష్టం, అందుకే అందరూ దీన్ని దాటేస్తారు. రెసిస్టెన్స్ బ్యాండ్, అంటే సాగే రబ్బరు పట్టీ, ఒకటి కొని కిటికీ గ్రిల్లుకి కట్టి, మోచేతులు నడుం పక్కకి వచ్చేలా లాగడం అన్నిటికంటే తేలిక. అదీ లేకపోతే స్కూలు బ్యాగులో పుస్తకాలు నింపి, ఒక చెయ్యి కుర్చీ మీద ఆనించి, రెండో చేత్తో బ్యాగుని తుంటి వైపుకి లాగండి. భుజం చెవి దగ్గరికి ఎక్కకూడదు, రెక్క వెనక్కి వెళ్లాలి. దీనికి జోడీగా వంటగట్టు అంచు పట్టుకుని, పిరుదులు వెనక్కి పంపి, తల చేతుల మధ్యకి దించి చంకల కింద సాగదీయడం బాగుంటుంది. చంక దగ్గర్నుంచి నడుం దాకా ఉండే పెద్ద కండరం అప్పుడే పొడవై, వెంటనే పొట్టి అవుతుంది. మీ వీధి పార్కులో కడ్డీ ఉంటే, కాళ్లు నేలకి సగం ఆనించి వేలాడటం ఒక్కటే సాగడమూ బలమూ రెండూ చేసి పెడుతుంది. భుజం ఎప్పుడైనా జారినవాళ్లు మాత్రం దాని జోలికి పోవద్దు.

లేవగానే వంగొద్దు

వంగి బరువెత్తడం రోజూ చేసే పనే అయినా సరిగ్గా వంగడం మనకి ఎవరూ నేర్పలేదు. ఇంట్లో బూజుకర్ర తీసుకుని వీపు మీద నిలువుగా పెట్టండి. తల వెనక, రెక్కల మధ్య, తోక ఎముక దగ్గర, మూడు చోట్లా కర్ర తగలాలి. మోకాళ్లు కాస్త సడలించి, వెనక గోడని పిరుదులతో తాకబోతున్నట్టు వంగండి. ఎక్కడ కర్ర ఒంటిని వదిలేస్తుందో అక్కడ తుంటి ఆగిపోయి నడుం వంగడం మొదలైందని అర్థం. ఆ గీత దాటకుండా చేసేదే హిప్ హింజ్. సిలిండర్ దొర్లించడం, బకెట్ ఎత్తడం, మనవణ్ని ఎత్తుకోవడం అన్నీ దీని పిల్లలే.

దీని జోడీ కోసం చాలామంది తొడ వెనక కండరాలు సాగదీస్తారు. నేనైతే తుంటి ముందు భాగం తెరవమంటాను. ఒక మోకాలు నేల మీద, రెండో కాలు ముందు పెట్టి, నేల మీదున్న కాలి వైపు పిరుదు బిగించి, పొట్ట లోపలికి పట్టి కొద్దిగా ముందుకు జరగాలి. అరనిమిషం చాలు. రోజంతా కూర్చుని బిగుసుకున్న ఆ భాగం సడలితే, లేచేటప్పుడు పిరుదు కండరం పూర్తిగా పని చెయ్యగలుగుతుంది. అప్పుడు వెల్లకిలా పడుకుని పిరుదులు పైకెత్తే బ్రిడ్జ్, అది కుదిరాక బ్యాగు పట్టుకుని హింజ్. తొడ వెనక కండరాన్ని నిమిషానికి మించి లాగి పట్టి, వెంటనే బరువెత్తితే ఆ కండరం తాత్కాలికంగా కొంత బలం కోల్పోతుంది. అరనిమిషం లోపైతే ఆ ప్రభావం పట్టించుకోదగ్గది కాదు. పొడుగు స్ట్రెచింగ్ ఇష్టమైనవాళ్లు దాన్ని చివర్లో పెట్టుకోవచ్చు.

వేళ కూడా చూసుకోవాలి. రాత్రంతా పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. తెల్లారి లేచిన మొదటి గంటలో ముందుకి పూర్తిగా వంగితే వాటి మీద ఒత్తిడి మామూలు కంటే ఎక్కువ. మంచం దిగి, మొహం కడుక్కుని, వెంటనే కాలివేళ్లు అందుకోబోయేవాళ్లు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే నడుముకి మంచిది. ముందు ఇరవై నిమిషాలు నడవండి, బీచ్ ఉన్నది అందుకే. ఇసుకలో నడవాలని సరదా ఉంటే తెలుసుకోండి, మెత్తటి ఇసుకలో నడకకి గట్టి నేల మీద కంటే రెట్టింపు పైగా శక్తి ఖర్చవుతుంది, చీలమండలు బాగా పని చేస్తాయి. తడి ఇసుక గట్టిగా ఉన్నా సముద్రం వైపుకి వాలు ఉంటుంది, ఎంత దూరం వెళ్లారో అంతే దూరం అదే వాలు మీద వెనక్కి రండి.

కలపకూడనివి కొన్ని. బ్యాగు లాగడం, బరువు మోసుకుంటూ నడవడం ఒకే జోడీగా మార్చి మార్చి చేస్తే వీపు అలసేలోపే పిడికిలి అలసిపోతుంది. ప్లాంక్ (మోచేతులు, కాలివేళ్ల మీద ఒళ్లు నిటారుగా ఆపి ఉంచడం) చేసి ఒళ్లు వణుకుతుండగా హింజ్ చెయ్యకూడదు, నడుముని కాపాడే కండరాలే అప్పటికి చేతులెత్తేసి ఉంటాయి, కాబట్టి పొట్ట వ్యాయామాలు ఎప్పుడూ చివర్లో. జిమ్‌లో సమయం ఆదా అని కాళ్ల వ్యాయామం, చేతుల వ్యాయామం వెంటవెంటనే చేయిస్తారు. కండరాల వరకు అది సరైన జోడీయే, ఒకటి పని చేస్తే ఇంకోటి విశ్రమిస్తుంది. కానీ గుండెకి విశ్రాంతి ఉండదు. మన ఉక్కపోతలో చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. కొత్తవాళ్లు మొదటి నెల బలం పక్కన బలం కాకుండా బలం పక్కన మొబిలిటీయే పెట్టుకోవాలని నా గట్టి అభిప్రాయం.

ఇవన్నీ కలిపితే వారం ఎలా ఉంటుందంటే: ఒక రోజు చీలమండతో గుంజీ, పై వీపుతో పుషప్, ఆఖర్న వెల్లకిలా పడుకుని ఎదురెదురు చెయ్యీ కాలూ దించే డెడ్‌బగ్. ఇంకో రోజు తుంటి ముందు భాగంతో బ్రిడ్జ్ లేదా హింజ్, చంకల సాగుతో లాగడం, ఆఖర్న సంచి మోత. రెండింటినీ మార్చి మార్చి వారానికి మూడు రోజులు, మధ్యలో కనీసం ఒక రోజు ఎడం. ఒక్కో జోడీ రెండు మూడు విడతలు, విడతకి ఎనిమిది నుంచి పన్నెండు. ఇంకో రెండు మూడు చెయ్యగలను అనిపించేటప్పుడే ఆపాలి. ఊపిరి బిగపట్టకూడదు, బీపీ ఉన్నవాళ్లు మరీను. మొత్తం ముప్పై ఐదు నిమిషాలు దాటదు. మిగతా రోజులు నడక. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు పెద్దవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమతో పాటు కనీసం రెండు రోజులు కండరాల వ్యాయామం చెయ్యమంటాయి. బీచ్ నడక బృందాలు మొదటి షరతు అవలీలగా తీర్చేసి రెండోదాన్ని మర్చిపోతాయి. తిన్నదాంట్లోంచి రక్తంలోకి వచ్చే చక్కెరలో పెద్ద వాటా తీసుకునేది కండరమే. షుగరున్న ఇళ్లలో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

సంచి మోతకి పరికరం కొనక్కర్లేదు. రైతుబజార్లో ఆరేడు కిలోల కూరగాయలు కొని, రెండు సంచుల్లో సర్దకుండా ఒక్క సంచిలోనే వేసి, ఒక్క చేత్తో పట్టుకుని ఒంగిపోకుండా నడవండి. కుడి చేతిలో బరువుంటే ఎడమ పక్క నడుం కండరం పని చేస్తుంది. వీధి చివర చెయ్యి మార్చండి. ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్ అంటే ఇరవై కిలోలు, అది ఆరు నెలల తర్వాతి సంగతి. బియ్యం బస్తా ఇంకా తర్వాత. 2022 జులైలో 25 కిలోలు, అంతకు తక్కువ ప్యాకెట్ల మీద జీఎస్టీ వేశాక మన కొట్లలో బస్తా 26 కిలోలైంది, ఆ లెక్కన పన్ను మన నడుం మీద కూడా ఓ కిలో వేసింది.

ఎక్కడున్నామో తెలుసుకోవడానికి అరవై దాటినవాళ్లకి ఒక సులువైన కొలత. చేతులు ఛాతీ మీద కట్టుకుని, మామూలు ఎత్తు కుర్చీలోంచి 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ వాడే పట్టిక ప్రకారం 60 నుంచి 64 ఏళ్ల మగవాళ్లు 14, ఆడవాళ్లు 12 కంటే తక్కువ చేస్తే కాళ్ల బలం సగటుకి కింద ఉన్నట్టు, పడిపోయే ప్రమాదం ఎక్కువ. రెండు నెలలకోసారి చూసుకుంటే చాలు. మొదటి నెలలో అంకె గబగబా పెరుగుతుంది, కండ పెరిగినట్టు అద్దంలో మాత్రం కనబడదు. ఉన్న కండరాన్నే బాగా వాడటం మెదడు నేర్చుకుంటోందన్నమాట. కండ పెరుగుదల ఆ తర్వాత వస్తుంది. కండరాన్ని ఎముకకి కలిపే బంధనాలు అంతకంటే నిదానం, అందుకే రెండో నెలలో ఉత్సాహంగా బరువులు పెంచేసినవాళ్లకి మోచేయి, మోకాలు దగ్గర పట్టేస్తుంది.

ఛాతీలో నొప్పి, మెట్లెక్కితే విపరీతమైన ఆయాసం, అదుపులో లేని బీపీ, పిరుదు నుంచి కాలి కిందకి పాకే తిమ్మిరి, ఈ మధ్యే జరిగిన ఆపరేషన్, వీటిలో ఏది ఉన్నా డాక్టరుకి చూపించుకున్నాకే మొదలు. షుగరున్నవాళ్లకి భుజం బిగుసుకుపోవడం మామూలు జనం కంటే ఎక్కువ, దాన్ని బలవంతంగా లాగించుకోవద్దు. తిండి విషయంలో ఒక్క మాట: హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సిఫారసు రోజుకి కిలో బరువుకి 0.83 గ్రాముల ప్రొటీన్. అరవై కిలోల మనిషికి 50 గ్రాములు. ఇడ్లీ, సాంబారు అన్నం, పెరుగుతో రోజు గడిపేస్తే అది చేరడం కష్టం. చేపలు దొరికే ఊళ్లో ఉండి దీనికి డబ్బా పొడులు వెతుక్కోనక్కర్లేదు. శాకాహారులైతే పప్పు చిక్కగా, రెండు పూటలా.

చివరిగా గిరి ప్రదక్షిణ వెళ్లేవాళ్లకి. ఆషాఢ పౌర్ణమి ముందు రోజు సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడవాలనుకుంటే, గుంజీ, సంచి మోత రెండు నెలల ముందే మొదలవ్వాలి. కొండ మెట్లు ఎక్కిన రోజు బాగానే ఉండి, దిగిన మర్నాడో ఆ మర్నాడో తొడలు కర్రల్లా అయిపోవడం అందరికీ అనుభవమే. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూ బరువు ఆపుతుంది, అలవాటు లేని కండరంలో సన్నటి చీలికలు ఏర్పడి ఒకటి నుంచి మూడు రోజుల్లో నొప్పి పతాకస్థాయికి చేరుతుంది. దానికి మందు ముందుగానే కొద్దికొద్దిగా దిగడం అలవాటు చేసుకోవడం: అపార్ట్‌మెంట్ మెట్ల మీద ఒక కాలితో నిలబడి, రెండో మడమ కింది మెట్టుకి తాకేదాకా నెమ్మదిగా దించి మళ్లీ పైకి, ఒక్కో కాలికి ఎనిమిది. దీని పక్కన కూడా చీలమండ కదలికే పెట్టండి. పౌర్ణమికి వారం ముందు ఇవన్నీ ఆపేసి మామూలు నడక మాత్రం ఉంచుకోండి. కొత్త చెప్పులు ఆ వారంలో కొనకండి.